పద్నాలుగు కరెంటు బిల్లులు

అక్టోబర్ 19, ఆదివారం

అంగన్‌వాడీలో పాత రిజిస్టరు ఒకటి సగం ఖాళీగా మిగిలితే ఇంటికి తెచ్చుకున్నాను. ముందు పేజీల్లో పిల్లల బరువులున్నాయి. వెనక నావి రాసుకుంటాను. తెలుగులో రాస్తే ఈ ఇంట్లో నాకు భయం లేదు. మా అత్తగారు అమ్మీకి ఉర్దూ తప్ప మరో అక్షరం రాదు. ఆయన తెలుగు గడగడా మాట్లాడతారు గానీ, చదవడం మాత్రం బస్సు బోర్డు దగ్గరే ఆగిపోతుంది. మా అమ్మాయి నజ్‌నీన్‌ది ఇంగ్లిషు మీడియం. సర్కారు బడిలో తెలుగు చదువుకున్నది నేనొక్కదాన్నే.

నజ్‌నీన్ మాంజే నవంబర్ తొమ్మిదికి ఖాయమైంది. పెళ్లికూతురికి పసుపు పెట్టే రోజు, ఆడవాళ్ల రోజు. సాయంత్రం అమ్మీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. గొంతులో గడ్డ తీసినప్పటి నుంచి, అంటే మూడేళ్లుగా, ఆమెది గాలి మాటే. చెవి ఒగ్గితేనే వినబడుతుంది.

"దుల్హన్, మాంజే నాడు నా పాటలు పెట్టాలె. నా మనుమరాలికి నేనే పాడినట్టుండాలె."

పెళ్లయి ఇరవై రెండేళ్లయినా నేనామెకు దుల్హన్‌నే, కొత్త పెళ్లికూతురినే. "అట్లనే అమ్మీ, ఫోన్ల మంచిగున్నయి" అన్నాను.

ఉన్నాయి మరి. ఎండాకాలమంతా నేను చేసింది ఆ పనేగా. నలభై ఏళ్ల కిందట చెల్లెలి పెళ్లికి అమ్మీ, ఊళ్లో ఆడవాళ్లు ఢోలక్ పెట్టుకుని పాడిన పాటలు. తమ్ముడు సౌదీ నుంచి తెచ్చిన టేపురికార్డరులో పట్టించారట. ఏడు క్యాసెట్లు, పద్నాలుగు వైపులు. నా చేతికిచ్చేటప్పుడు ఒక షరతు పెట్టింది. "మగోల్ల చెవుల పడొద్దు. పాడింది నేనొక్కదాన్నే కాదు. గా ఆడోల్లంత నన్ను నమ్మి నోరు విప్పిన్రు." ఆ పాటల్లో వియ్యపురాలి ముక్కుపుడకను కోడి మింగేస్తుంది. పెళ్లికొడుకు మీసాన్ని మేక నములుతుంది. ఆ తర్వాతి సంగతులు నేను తెలుగులో కూడా రాయను.

టేపురికార్డరును అల్మారాలో బొంతల మధ్య పెట్టి, పక్కన ఫోను పెట్టి, రికార్డు నొక్కి, తలుపు మూసి వంటకు పోయేదాన్ని. పద్నాలుగు ఫైళ్లకూ ఇంగ్లిషు అక్షరాల్లో 'కరెంట్ బిల్లు' అని, పక్కన నెల, సంవత్సరం పెట్టాను. ఈమధ్య మీటరు మామ పేరు నుంచి ఆయన పేరుకు మారింది గానీ, బిల్లు కట్టేది ఇప్పటికీ నేనే. మగవాడెవడూ దాన్ని తెరిచి చూడడు. ఏ నెల ఏ పాటో ఈ రిజిస్టరు ఆఖరి పేజీలో రాసుకున్నాను.

ఇంటికి రంగులేసేటప్పుడు క్యాసెట్లు పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. టేపంతా బూజు పట్టింది. ఎలాగూ ఫోన్లోకి వచ్చేశాయి. బదులుగా ఆకుపచ్చ టబ్బు ఇచ్చాడు. మంచి టబ్బు. అమ్మీకి చెప్పలేదు. చెప్పేంత విషయం కాదు.

ఆయన కారు వచ్చి ఆగి ఇరవై నిమిషాలైంది. ఇంకా లోపలికి రాలేదు.

అక్టోబర్ 21, మంగళవారం

మేడ్చల్ మునావర్ భాయ్ ఆయనకు వరసకు అన్న. భాయ్ నంబరు నుంచి నా ఫోనుకు పెళ్లిపత్రిక వచ్చింది. వాళ్ల పెద్దమ్మాయికి సంబంధం చూస్తున్నారని తెలుసు. కుదిరిందేమోనని సంతోషంగా నొక్కాను. ఈ ఫోన్లో పెట్టమంటారా అని అడిగింది, సరే అన్నాను. మెసేజీలు చూడొచ్చా అంది, సరే అన్నాను. ఇంకేదో అడిగింది, దానికీ సరే. నా నికాలో కూడా ఇంత జల్దీగా మూడుసార్లు కబూల్ అనలేదు.

పత్రిక మాత్రం తెరుచుకోలేదు. నెట్ స్లో.

అక్టోబర్ 22, బుధవారం

నెట్ స్లో కాదు.

పొద్దున పది గంటలకు మా అంగన్‌వాడీ సెంటర్ తల్లుల వాట్సాప్ గ్రూపులో నా పేరుతో అదే పత్రిక. నలభై మూడు మంది తల్లులు. "టీచర్, నజ్‌నీన్ పెళ్లా? పత్రిక తెరుచుకుంటలేదు" అని ఒకామె, "నాకు సుత" అని ఇంకొకామె. నేనేమీ పంపలేదు. చేతిలో ఫోను రొట్టెల పెనంలా కాలుతోంది. సూపర్‌వైజర్ మేడం ఫోన్ చేసి ఏమన్నదో రాయను.

పక్కింటి దీపకు కబురు పెట్టాను. బుచ్చమ్మ పెద్దమ్మ కోడలు, బౌరంపేట బడిలో కంప్యూటర్ చెబుతుంది. వస్తూనే ఫోను లాక్కుంది.

"అక్కా, ముందుగాల నెట్ బంద్ చెయ్యాలె. పత్రిక అంటే ఫొటోనో పీడీఎఫ్‌ఫో ఉంటది. నిన్ను ఏమన్న అడిగిందంటే అది పత్రిక కాదు, దొంగ యాప్."

"మునావర్ భాయ్ పంపిండు గదనే."

"ఆయన కూడ పంపలే. ఆయనకు ఇంకెవరో పంపిన్రు. తెల్సినోల్ల పేరు మీదనే వస్తది, గందుకే నొక్కుతం."

తన ఫోను నుంచి బ్యాంకుకు చేయించింది, సైబర్ మోసాల నంబరు 1930కి చేయించింది. గ్రూపులో 'ఆ పత్రిక ఎవరూ తెరవొద్దు' అని రాయించింది. పాస్‌వర్డులన్నీ తన కంప్యూటర్లో మార్చింది. వాట్సాప్‌కు ఆరంకెల పిన్ను పెట్టి, ఎవరు అడిగినా చెప్పొద్దంది. ఈ ఫోను మొత్తం తుడిచి మళ్లీ పెట్టాలని, శనివారం తీరిగ్గా చేస్తానని చెప్పి వెళ్లింది.

శనివారం దాకా ఎలా? ఎవడో ఎక్కడో కూర్చుని నా ఫోన్లోకి చూస్తున్నాడు. బిల్లులు తెరుస్తాడేమో. అమ్మీ గొంతు వాడి చెవిలో పడుతుందేమో. ఆ ఆడవాళ్లంతా నన్నడుగుతారేమో. సగం మంది ఎప్పుడో మట్టిలో కలిసిపోయారు, అయినా అడుగుతారేమో.

రేపు మేడ్చల్ వెళ్తాను.

అక్టోబర్ 23, గురువారం

మేడ్చల్ బస్టాండు దగ్గర ఫోన్ల దుకాణం. నాతో కలిపి ఐదుగురం, నేనొక్కదాన్నే ఆడదాన్ని. దుకాణం అతను నా ఫోనును కంప్యూటరుకు తగిలించి చూశాడు.

"మేడం, ఫొటోలు గూగుల్ల ఉన్నయా?"

"ఉన్నయి."

"గీ కరెంటు బిల్లులేంది, పద్నాలుగున్నయి? పాటల్లెక్క చూపెడ్తున్నది. కావాల్నా? ఒకటి తెరిచి చూస్తా."

అతని చెయ్యి మీటకు ఒక్క అంగుళం దూరంలో ఉంది. కంప్యూటరుకు ఇరువైపులా పెద్ద స్పీకర్లు. నా వెనక నలుగురు మగవాళ్లు. కోడి పాట అక్కడ మోగితే ఇక నేను మేడ్చల్ మొహం చూడగలనా?

"వద్దు, వద్దు. తీసెయ్యండి" అన్నాను.

తీసేశాడు, ఫోను మొత్తం తుడిచి మళ్లీ పెట్టాడు. అన్నీ గూగుల్లో ఉంటాయి కదా. దీపే ఎన్నోసార్లు చెప్పింది, ఫోను పోయినా గూగుల్లో ఉంటాయని.

అక్టోబర్ 24

ఫొటోలు వస్తున్నాయి. నజ్‌నీన్ చిన్నప్పటివి, సెంటర్ పిల్లలవి, నేను ఎందుకు తీశానో నాకే తెలియని పప్పు గిన్నెవి. బిల్లులు ఇంకా రాలేదు. పెద్ద ఫైళ్లు కదా, టైం పడుతుంది.

అక్టోబర్ 25

రాలేదు.

అక్టోబర్ 26, ఆదివారం

దీపను మామూలుగా అడిగినట్టు అడిగాను, గొంతు రికార్డులు కూడా వస్తాయి కదా అని.

"రావక్కా. ఫొటోలు, వీడియోలే వాటంతటవి పోతయి. పాటలు, రికార్డులు మనమే చెయ్యెత్తి ఎక్కియ్యాలె. నేను పిల్లలకు చెప్త, ముఖ్యమైనది మూడు తావుల ఉండాలె. ఫోన్ల ఒకటి, పెన్‌డ్రైవ్‌ల ఒకటి, ఇంటి బయట ఒకటి. ఒక్కతాన ఉన్నదంటే లేనట్టే. ఎందుకు, ఏమన్న పోయినయా?"

"ఏం లేదు. సెంటర్ పిల్లల పాటలు."

నాలుక మీద అబద్ధం ఎంత చక్కగా కూర్చుంది!

ఆఖరి పేజీ తిప్పి చూసుకున్నాను. జనవరి: గాజుల పాట. మార్చి: కోడి పాట. ఆగస్టు: అప్పగింతల పాట. తాళంచెవుల గుత్తి నా దగ్గరుంది, ఇల్లే లేదు.

అమ్మీకి రేపు చెప్పాలి.

అక్టోబర్ 29, బుధవారం

రెండు రోజులుగా ముసురు. వరండాలో కారే చోట ఆకుపచ్చ టబ్బు పెట్టింది నజ్‌నీన్. చినుకు పడ్డప్పుడల్లా టక్కుమంటోంది.

వానలోనే పాత సామాన్లవాడిని వెతుక్కుంటూ చెరువు కట్ట దాకా పోయాను. నన్ను గుర్తుపట్టాడు. "క్యాసెట్లా అమ్మా? వారం వారం లారీ వస్తది. ప్లాస్టికంత పొడి కొడ్తరు. టబ్బు మంచిగ లేదా?" అన్నాడు.

మంచిగానే ఉంది.

అక్టోబర్ 30

ఇవాళ ముప్పావుగంట. సందు చివర బుచ్చమ్మ పెద్దమ్మ ప్లాటు గోడ పక్కన కారు, అద్దాలన్నీ పైకెత్తి, లోపల ఆయన. ఎందుకండీ అంటే, కంపెనీ వాళ్ల ట్రిప్పులు ఒకదాని మీద ఒకటి, తల నొస్తాంది, జర కూర్చున్న అన్నారు. తలనొప్పిగా ఉన్నవాళ్లెవరైనా అద్దాలు మూసుకుని కూర్చుంటారా?

మునుపు ఇలా ఉండేది కాదు. వానాకాలంలో మొదలైంది.

నేను దాని గురించి ఆలోచించడం లేదు. నాకు వేరే పరేషాన్లున్నాయి.

నవంబర్ 2, ఆదివారం

బుచ్చమ్మ పెద్దమ్మ తన చెంచా తెచ్చుకుంది. ఢోలక్ మీద అమ్మీ చేతులాడిస్తుంటే, పక్కన కూర్చుని దాని చెక్క మీద చెంచాతో తాళం వేసేది పెద్దమ్మే. ఆ నలభై ఏళ్ల నాటి ఇత్తడి చెంచానే, చింతపండుతో తోమి మెరిపించింది.

"ఏందే ఆతియా, మొఖం గట్ల వడ్డది? బిడ్డ పోతాందని ఇప్పటికెల్లే ఏడుస్తవా?"

అమ్మీ నా కొంగు లాగింది. "దుల్హన్, ఒక్కటి పెట్టు. మీ బుచ్చమ్మ పెద్దమ్మ ఇంటదంట."

"స్పీకరు చార్జింగ్ లేదమ్మీ."

"ఫోన్లనే పెట్టు."

"ఫోన్ల సౌండు మంచిగ రాదు. మాంజే నాడు ఒక్కసారే పెద్దగ ఇందురు."

పెద్దమ్మ నన్ను చూసింది. ఆమె వంద ఎకరాల పంచాయితీలు తీర్చిన మనిషి. అమ్మీ మాత్రం నమ్మింది. ఆమె ఎప్పుడూ నమ్ముతుంది, అదే నన్ను చంపుతోంది.

నవంబర్ 4

అమ్మీకి రేపు చెప్పాలి.

నవంబర్ 5, బుధవారం

చెప్పడానికే వెళ్లాను. తఖ్త్ బల్ల మీద కూర్చుని, పాటలకు తగ్గట్టు పెదవులు కదుపుతూ, వేళ్లతో మోకాలి మీద ఢోలక్ వాయించుకుంటోంది. సప్పుడు లేదు. నన్ను చూసి సిగ్గుపడింది. "ప్రాక్టీస్" అంది.

తిరిగి వచ్చేశాను.

నజ్‌నీన్‌తో అన్నాను, ఈ రోజుల్లో అందరూ సినిమా పాటలే పెడుతున్నారు కదా, మనమూ అవే పెడదామా అని. అది నా వైపు వింతగా చూసింది. "మమ్మీ, దాదీ గొంతు నేను చిన్నప్పుడు విన్నదే. మర్చిపోతున్న. ఆ రోజు ఇందామనే కూర్చున్న నేను."

నవంబర్ 7, శుక్రవారం

జరిగింది వరసగా రాస్తాను.

ఇవాళ ఆయనకైనా చెప్పేద్దామనుకున్నాను. సాయంత్రం ఆరు కాకముందే కారు వచ్చి గోడ పక్కన ఆగింది. లోపలికి వచ్చేదాకా ఆగితే నా ధైర్యం ఆగదని నేనే వెళ్లాను. అద్దాలు పైకి ఉన్నాయి. వెనక వైపు నుంచి వెళ్తుంటే వినబడింది. ఆడగొంతు.

సన్నగా, నవ్వుతూ, ఏదో అంటున్న ఆడగొంతు.

బిడ్డ పెళ్లి పది రోజుల్లో పెట్టుకుని! అద్దం మీద అరచేత్తో కొట్టాను. ఆయన ఉలిక్కిపడి ఏదో నొక్కారు. గొంతు ఆగిపోయింది.

"ఎవరది?" అన్నాను.

"ఎవర్లేరు."

"నేను విన్న. ఆడమనిషి. ఎవరది, నజ్‌నీన్ అబ్బా?"

ఆయన తల వంచుకున్నారు. నలభై ఎనిమిదేళ్ల మనిషి, దొంగతనంగా బెల్లం తిన్న పిల్లాడిలా. పక్క సీటు తలుపు తెరిచారు. "కూర్చో" అన్నారు. మళ్లీ నొక్కారు.

ఢోలక్. దాని పక్కన చెంచా. ఆ పైన అమ్మీ.

"మీటరు అబ్బా పేరు మీదికెల్లి మార్పియ్యాలంటే పాత బిల్లు తెమ్మన్నరు" అన్నారు రోడ్డు వైపు చూస్తూ. "నువ్వు సెంటర్ల ఉన్నవ్, ఫోన్ ఇంట్ల మర్శిపోయినవ్. ఆగస్టు బిల్లు నొక్కిన. అమ్మీ పాడింది."

"ఇన్నరా?"

"ఆపుదామనుకున్న, చెయ్యి రాలె. పద్నాలుగు నా ఫోన్లకు పంపుకున్న. అద్దాలు ఎత్తినంకనే పెడ్త. బయటోల్లెవరూ ఇన్లే, కసం."

పద్నాలుగూ. నేను సీట్లో కూర్చుని పెద్దగా ఏడ్చేశాను. ఆయన హడలిపోయి పాట ఆపేశారు, నేను కోపంతో ఏడుస్తున్నాననుకున్నారు. వెక్కుతూ వెక్కుతూనే అంతా చెప్పాను. పత్రిక, దుకాణం, 'వద్దు వద్దు', క్యాసెట్లు, టబ్బు.

టబ్బు దగ్గర ఆయనకు నవ్వొచ్చింది. నాకు రాలేదు.

"మీ ఫోనుకు సుత నా పేరు మీద పత్రిక వచ్చుంటది గద. నొక్కలేదా?"

"నా బిడ్డ పెండ్లి పత్రిక నాకే పంపుతదా నా పెండ్లాం? ఏదో గడ్‌బడ్ అని తీసేసిన." అని గొంతు తగ్గించారు. "ఆతియా, అమ్మీకి మాత్రం చెప్పకు, నేను ఇన్నానని. నీ ఫోన్లవే అని చెప్పు. క్యాసెట్ల ముచ్చట నేను చెప్ప, నా ముచ్చట నువ్వు చెప్పకు."

సరే అన్నాను. గండం గడిచింది. ఇద్దరం దొంగలమే, ఇద్దరికీ లాభమే.

మరి నిద్ర ఎందుకు రావడం లేదు?

నవంబర్ 9, ఆదివారం

మాంజే అయిపోయింది. ఇల్లంతా పసుపు. రేపు రాద్దామంటే ఆగలేను.

ముందు గదిలో ఆడవాళ్లం, గుమ్మానికి పరదా. మగవాళ్లంతా గేటు అవతల షామియానాలో. నేను అడగకముందే ఆయన లాక్ తీసిన ఫోను నా చేతిలో పెట్టి గేటు బయటికి వెళ్లి నిలబడ్డారు. దీప దాన్ని స్పీకరుకు కలిపింది. ఎవరి ఫోనని ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు.

మార్చి బిల్లుతో మొదలుపెట్టాను. కోడి ముక్కుపుడక మింగేసరికి ముసలివాళ్లు పొట్టలు పట్టుకున్నారు. నజ్‌నీన్ పచ్చబట్టల్లో, మొహానికి పసుపుతో, కళ్లు మూసుకుని వింటోంది. అమ్మీ పెదవులు ఒక్క మాట తప్పకుండా కదులుతున్నాయి. బుచ్చమ్మ పెద్దమ్మ చెంచా మాత్రం పాటలో చెంచాకు ఒక దెబ్బ వెనకబడుతోంది. "నా చెయ్యి ఎంత జల్దీ ఉండెనే అప్పుడు!" అని తనమీద తానే కోప్పడింది.

ఆగస్టు బిల్లు అప్పగింతల పాట. అందరూ కొంగులు కళ్లకద్దుకున్నారు. పాట అయిపోయింది, నేను మార్చడానికి లేచాను. "ఉండనియ్యి, జరసేపు" అంది పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ. ఉండనిచ్చాను. రికార్డు పెట్టి వంటకు పోయేదాన్ని కాబట్టి పాటల చివరలు నేనెప్పుడూ వినలేదు. గరగర. గాజుల సప్పుడు. ఎవరో దగ్గారు. ఆ తర్వాత అమ్మీ గొంతు, నిండుగా, గది అదిరేలా.

"దర్వాజ కాడ ఎవరది? జలీల్! పో బయటికి! మొగపిలగానికి ఇక్కడేం పని?"

సన్నని పిల్లాడి గొంతు. "అమ్మీ, ఒక్క పాట."

"పో!"

తలుపు వేసిన చప్పుడు. అక్కడితో ఆగస్టు అయిపోయింది.

అందరూ ఘొల్లున నవ్వారు. అమ్మీ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. పాట అయిపోయాక కూడా కార్లో ఆయన ఎందుకు కూర్చునేవారో నాకప్పుడు తెలిసింది. ఒప్పందం నా నోట్లో నిలవలేదు.

అమ్మీ కాళ్ల దగ్గర కూర్చున్నాను. "అమ్మీ, మీ క్యాసెట్లు నేను టబ్బుకు అమ్ముకున్న. ఫోన్లయి నా చేతులార పోగొట్టిన. పదిహేను రోజుల సంది మీకు అబద్ధం చెప్తున్న. గివి మీ కొడుకు దగ్గర ఉన్నయి. కార్ల అద్దాలు ఎత్తుకుని రోజూ ఇంటున్నడు."

అమ్మీ నా వైపు చూడలేదు, బుచ్చమ్మ పెద్దమ్మ వైపు చూసింది. మాట ఇచ్చింది వాళ్లకు కదా.

పెద్దమ్మ చెంచా ఒళ్లో పెట్టుకుని అమ్మీతో అంది. "పాడినోల్లల్ల మిగిలింది నువ్వు, నేను షాజాదమ్మా. నాకేం లేదు. పిలగాడు దర్వాజ కాడ నలభై ఏండ్ల సంది నిలవడ్డడు, రానియ్యి."

అమ్మీ నా చెవి దగ్గరికి వంగింది. గాలి మాట.

"పిలువు. నేను పిలిస్తే ఇనవడదు. నేను పిల్చినట్టు పిలువు."

నేను పరదా దగ్గరికి వెళ్లాను. ఇరవై రెండేళ్లలో ఆయన్ని పేరు పెట్టి పిలిచింది లేదు, ఎప్పుడూ నజ్‌నీన్ అబ్బానే. గేటు అవతల ఆయన వీపు కనబడుతోంది. గొంతు నాదే, మాట ఆమెది.

"జలీల్! లోపలికి రా!"

షామియానా అంతా ఇటు తిరిగింది. ఆడవాళ్లు కొంగులు, దుపట్టాలు సర్దుకున్నారు. ఆయన చెప్పులు విప్పి వచ్చి, పరదా పక్కకు జరిపి, గడప అవతలే ఆగిపోయారు. అమ్మీ తఖ్త్ మీద పక్కన చోటు చూపించి, అరచేత్తో రెండుసార్లు తట్టింది.

"ఆగస్టుది మళ్ల పెట్టు దుల్హన్" అంది నాతో. "'పో' అన్నకాడికి రాకముందే ఆపు."

నవంబర్ 10, సోమవారం

దీప మూడు కాపీలు చేసింది. ఒకటి ఆయన ఫోన్లో ఉంది, ఒకటి దీప ఇంట్లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో. పెన్‌డ్రైవును అమ్మీ తన పాన్‌దాన్‌లో వక్కల పక్కన పెట్టి మూత వేసుకుంది. ఫైళ్లకు అసలు పేర్లు పెట్టాను. టబ్బులో పసుపు బట్టలు నానబెట్టాను. అమ్మీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "టబ్బు గట్టిదే" అంది. క్షమించిందో లేదో ఇంకా తెలియదు.

సాయంత్రం కారు ఆగిన చప్పుడైంది. నేను అలవాటుగా గడియారం చూశాను. చూపు తిప్పేలోగా ఆయన ఇంట్లో ఉన్నారు.